చావు సెలవు

నమోదు ఒకటి, సోమవారం

మా దాలినాయుడికి ఉద్యోగం వచ్చింది! వచ్చింది, వచ్చింది, వచ్చేసింది!

గాలి కూడా బాగుంది. జల్లెడలు శుభ్రం. మూడో జల్లెడ కొంచెం మూలుగుతోంది, దానికీ నా వయసే.

- - -

ఈ గీటుకి పైన రాసింది పై ఆఫీసుకి పోతుంది. కింద రాసింది నాది, ఎక్కడికీ పోదు. సంతోషంలో మొదటి ముక్క గీటు పైనే రాసేశాను. పోనీ, పై ఆఫీసు కూడా తెలుసుకుంటుంది, నష్టమేముంది!

పని మానేసిన ముసలివాళ్ళకి ఈ చక్రం మీద గాలి కాపలా ఇస్తారు. పొద్దున్నే గాలిని వడగట్టే జల్లెడలు దులపాలి, ముక్కు ఎగరేసి వాసన చూడాలి, ఎలా ఉందో రాయాలి. ఐదో తరగతిలో బడి వదిలేసి వెల్డింగులో పడ్డవాణ్ణి నేను. అక్షరాలు వంకరగా ఉంటాయి. ఇవాళ మరీ వంకరగా ఉన్నాయంటే చదువు తక్కువై కాదు, సంతోషం ఎక్కువై.

మా చక్రం అంటే ఆకాశంలో గిరగిరా తిరిగే ఊరు, పేరు నడిమజిలీ. భూమి నుంచి కుజుడికి పోయే ఓడలు ఇక్కడ ఆగి, నీళ్ళు పట్టుకుని, భోంచేసి పోతాయి. ఇక్కడి నుంచి భూమికి ఒక మాట పంపితే జవాబు వచ్చేసరికి ఒక ఇడ్లీ తినేయొచ్చు. అంత దూరం. ఇక్కడ వంటంతా ఒక యంత్రం చేస్తుంది. దాన్ని వంటమ్మ అంటాం. ఉప్పు గింజ గింజ లెక్కన వేస్తుంది గానీ చాలిందా చాలలేదా అన్నది దానికి తెలీదు. మనిషి చెబుదామా అంటే, ఈ తిరుగుడుకి మనుషుల నాలుకలు మొద్దుబారిపోతాయి. ఏడాది తిరిగేసరికి చింతపండుకీ చెక్కముక్కకీ తేడా తెలీదు. అందుకని క్యాంటీనులో రుచి చూసేవాడు అని ఒక ఉద్యోగం పెట్టారు. మావాడి నాలుక ఎందుకో మొద్దుబారలేదు. డాక్టర్లు తల గోక్కున్నారు. మా ఆవిడ లచ్చుమమ్మ మాత్రం, "డాకటర్లకేటి తెలుసు, అది నానెట్టిన ఆవకాయ" అంటుంది.

క్యాంటీను పెద్ద సూరీడమ్మ. మావాడు అప్ప అంటాడు, అక్క అన్నట్టు. ఆవిడ పరీక్ష పెడితే మావాడు చారు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "అప్పా, ఇది నిన్నటి చారుకి ఇయ్యాల తిరగమోత" అన్నాడట. సూరీడమ్మ మొహం ఎర్రబడిందట. "రేపట్నించి వొచ్చీ" అందట. అదండీ ఇంటర్వ్యూ! రెండో ప్రశ్న లేదు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మావాడికి హెచ్.ఐ.వి. ఉంది. ఎలా వచ్చిందని నేను ఎన్నడూ అడగలేదు. జలుబు ఎలా వచ్చిందని ఎవరైనా కొడుకుని నిలదీస్తారా? ఏడాదికి రెండుసార్లు సూది వేయించుకుంటాడు. రక్తంలో వెతికినా దొరకనంత అణిగిపోయింది అది. ఎవరికీ అంటదు. కూడూ నీళ్ళలోనైతే మా తాతల కాలంలో కూడా అంటలేదు. మందులు మారాయి, కాలం మారింది, మనుషులు ఎగిరి ఇంత దూరం వచ్చారు. కానీ భయం ఉందే, అది కూడా టిక్కెట్టు తీసుకుని మనతోపాటే ఎక్కేసింది. రాళ్ళ గనిలో చేరితే గ్లాసు వేరే పెట్టుకోమన్నారు. విత్తనాల చక్రం మీద "నీకు విశ్రాంతి కావాలి నాయనా" అని తియ్యగా పంపేశారు. పని రాదని మావాణ్ణి ఒక్కచోట కూడా పంపలేదు. అదే నా కడుపు మంట.

ఇక్కడ ఎవరినీ ఒంటి సంగతి అడగకూడదని చట్టం. దాలినాయుడు ఒకటే అన్నాడు. "నాన్నా, ముందు నా పని సూడనీ. తరవాత నానే సెప్తాను. నువ్వు మాత్రం నోరు కట్టీసుకో."

కట్టేసుకున్నాను. కుజుడికి పోయే పెద్ద ఓడ వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం ఆగుతుంది. అప్పటిదాకా పరీక్ష కాలం. ఓడవాళ్ళు తిని బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ మూటా ముల్లే.

భూమ్మీద ఉన్న మా తమ్ముడు జోగులుకి మాత్రం సంగతి పంపేశాను. నోరు కట్టేసుకోమన్నాడు గానీ ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి నోరు కట్టుకోమనలేదుగా!

నమోదు రెండు, గురువారం

గాలి బ్రహ్మాండం. పప్పు వాసన వస్తోంది. ఇదివరకు గాలిలో ఏ వాసనా వచ్చేది కాదు.

- - -

మూడు రోజుల్లో మావాడు వంటమ్మని దారిలో పెట్టేశాడు. పొద్దున్నే దాని ముందు నిలబడి గరిటెతో అందుకుని, "ఇంకొంచెం పులుపు. ఆఁ. ఇంకొంచెం. ఓలమ్మో, ఆపీ ఆపీ!" అంటాడు. అది "ఇంకొంచెం అనగా ఎన్ని గ్రాములు?" అని అడుగుతుంది. వీడు "మీ అమ్మ ఏస్తే ఎంతేస్తాదో అంత" అంటాడు. అది కాసేపు బుర్రుమని ఆలోచిస్తుంది. పాపం, దానికి అమ్మ లేదు.

వంకాయ తిని పంపు మెకానిక్కు తవిటయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మావా, నాకు కారం తెలుస్తన్నాది మావా!" అని నన్ను పట్టుకుని ఊపేశాడు. నేనూ ఏడ్చాను. నాకు కారం తెలీలేదు, అయినా ఏడ్చాను.

సూరీడమ్మ ఎవరినీ పొగిడే మనిషి కాదు. పొగడ్త అంటే ఆవిడ తిట్టడం మానేయడమే. ఇవాళ మావాడి పక్కన నిలబడి ఏమీ అనలేదట. నేను ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే దిష్టి తీసింది. మిరపకాయల పొగకి మూడో జల్లెడ కేకలు పెట్టింది. అది గీటు పైన రాయలేదు.

నమోదు మూడు, శనివారం

గాలి బాగుంది. నేను బాగులేను.

- - -

ఘోరం చేశాను. ప్రేమతోనే చేశాను.

మావాడి సూది తారీఖు ఈ సోమవారం. తప్పకూడదు. రెండు మూడు రోజులు ఆలస్యమైనా పరవాలేదట గానీ పక్కనున్న పెద్ద చక్రానికి పడవ వారానికి ఒక్కరోజే, సోమవారమే పోతుంది. మందులిల్లు ఉన్నది అక్కడే. ఇక్కడ ఊరికే సెలవులు ఇవ్వరు, పరీక్ష కాలంలో అసలే ఇవ్వరు. ఒక్క చావుకి తప్ప. ఇంటిపేరువాళ్ళు ఎవరైనా పోతే ఒకరోజు ఇస్తారు, ఎందుకంటే పెద్ద చక్రం మీదే కాశీ కుళాయి ఉంది. భూమి దాకా పోయి గంగలో మునగలేనివాళ్ళు ఆ కుళాయి కింద తల పెట్టుకుని వస్తారు.

"రేపు నానే సూరీడమ్మప్పతోటి ఉన్నదున్నట్టు సెప్పి అడుగుతాను" అన్నాడు దాలినాయుడు రాత్రి. వాడి మొహం చూశాను. గని వదిలి వచ్చిన రోజు కూడా అదే మొహం. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున క్యాంటీను జల్లెడ దులుపుతుంటే సూరీడమ్మ వచ్చింది. "ఏటి బాబాయ్, మొకం అలగెట్టీసినావ్?" అంది. అంతే. నా నోట్లోంచి అదే దొర్లిపోయింది.

"మా తమ్ముడు జోగులు పోనాడమ్మా."

"ఓలమ్మోలమ్మో! ఎప్పుడు బాబాయ్? ఏటయినాది?"

ఏమైందో నేను ఆలోచించుకోలేదు. "కొబ్బరికాయ పడ్డాది" అన్నాను.

సూరీడమ్మ గరిటె పక్కన పెట్టి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికప్పుడు మావాడికి సోమవారం సెలవు రాసేసింది. నేను గెలిచాననుకుంటూ ఇంటికి పరిగెత్తాను. దాలినాయుడు సూరీడమ్మకి చెప్పడానికి చొక్కా వేసుకుంటున్నాడు.

"అక్కర్లేదురా! సెలవొచ్చేసింది! మీ చిన్నాన్నని చంపేశాను!"

వాడు చొక్కా బొత్తాం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నాన్నా, నువ్వు నాకు సాయం సెయ్యకు నాన్నా. నీకు దండం ఎడతాను" అన్నాడు.

లచ్చుమమ్మ తల బాదుకుంది. "సంపడానికి మీ అప్ప దొరకలేదేటి? బంగారంలాటి మరిది." నిన్నటిదాకా ఆ మరిదికి ఈవిడ పెట్టని శాపం లేదు. మా ఇత్తడి బిందె పట్టుకెళ్ళి తేలేదని.

జోగులుకి సందేశం పంపాను. కొన్నాళ్ళు చచ్చిపోయినట్టు ఉండరా తమ్ముడూ అని. వరసలో ఉంది, వెళ్ళడానికి వారం పడుతుందంది మాటల యంత్రం.

నమోదు నాలుగు, సోమవారం

గాలి: తెలీదు. పెద్ద చక్రం మీద ఉన్నాను. అక్కడి గాలి మా గాలంత బాగుండదు.

- - -

దుఃఖంలో ఉన్నవాడికి తోడు ఉండాలని నన్నూ పంపింది సూరీడమ్మ. పడవ నిండా చావు సెలవు మీద వచ్చినవాళ్ళే. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. నా పక్క సీట్లో తవిటయ్య.

"నీకేటయినాదిరా?"

"మేనత్త పోనాది మావా. ఈ ఇంటిపేరుతోటే పుట్టినాది గదా అని సెలవిచ్చినారు."

"అయ్యో! పోయిన సంక్రాంతికి కూడా మీ మేనత్తే పోయిందన్నావు?"

"అది ఇంకో మేనత్త మావా."

"మీ తాతకి ఎంతమందిరా ఆడపిల్లలు?"

"ఆయనే లెక్కెట్టుకోలేదు" అని కిటికీలోకి తిరిగిపోయాడు. పాపం, ఒకే కడుపున పుట్టినవాళ్ళు అలా వరసగా పోతుంటే ఎవరికి మాత్రం మాట వస్తుంది? నా చేతిగుడ్డ ఇచ్చాను. జోగులు కోసం వాడు నన్ను ఓదార్చాడు. మధ్యలో నాకు నిజంగానే జోగులు మీద బెంగ పుట్టింది.

మందులింట్లో గుట్టు కాపాడే యంత్రం ఒకటి పెట్టారు. అది ఎలా కాపాడుతుందో వినండి. మావాడు నడవా మొదట్లో అడుగు పెట్టగానే పసుపు దీపాలు వెలిగాయి. షట్టర్లు ధడధడ దిగాయి. తేనెలాంటి గొంతు చక్రమంతా వినబడేలా చెప్పింది: "దయచేసి అందరూ గోడవైపు తిరగండి. ఇప్పుడు సూదిగదికి వస్తున్న వ్యక్తి ఎవరో మీకు తెలియదు. మరొకసారి చెబుతున్నాము, ఎవరో మీకు తెలియదు."

అందరూ గోడవైపు తిరిగారు. అందరూ కంటికొసతో చూశారు. నేనూ గోడవైపు తిరిగాను, నా కొడుకే అని తెలిసినా. చట్టం చట్టమే కదా.

మేం బయటికి వస్తుంటే మళ్ళీ దీపాలు, మళ్ళీ షట్టర్లు, మళ్ళీ తేనె గొంతు. మళ్ళీ గోడవైపు తిరిగాను. తళతళలాడే గోడలో ఒక మనిషి నీడ పోయింది. నూనె మరకల చొక్కా, చేతిలో నా చేతిగుడ్డ. తవిటయ్య! దుఃఖంలో దారి తప్పినట్టున్నాడు. కాశీ కుళాయి అటు కాదురా అని అరుద్దామనుకున్నాను గానీ ఎవరో నాకు తెలియదని యంత్రం చెప్పింది కదా, ఊరుకున్నాను.

సాక్ష్యంగా ఉంటుందని కుళాయి కింద మేమిద్దరం తల తడుపుకుని వచ్చాం. బతికున్న జోగులు పేరు చెప్పి.

నమోదు అయిదు, గురువారం

గాలి బాగులేదు. మూడో జల్లెడలో వెంట్రుకలు. మనుషుల వెంట్రుకలు.

- - -

చావు సెలవు గురించి ఆలోచించాను గానీ చావు వెంట వచ్చేదాని గురించి ఆలోచించలేదు. మైల!

సెలవు హడావిడిలో శని, ఆదివారాలు అది ఎవరికీ గుర్తు రాలేదు. మంగళవారం పొద్దున మావాడు వంటింట్లోకి అడుగు పెట్టబోతే సూరీడమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"ఏటి తమ్ముడూ, సొంత సిన్నాన్న గదా? పెద్దకర్మ అయ్యేదాకా వంటింటి గడప తొక్కకు."

"యంత్రానికి మైలేటప్పా?"

"యంత్రం అంటావేటి? దానికి నాను పసుపు రాసి బొట్టెట్టినాను. అది ఇంట్లో మనిషి."

పెద్దకర్మ పదకొండో రోజు. ఓడ ఆదివారం వస్తుంది. మావాడు గడప బయట నిలబడి, లోపల వంటమ్మ తన ఇష్టం వచ్చినట్టు ఉప్పు పోసుకుంటుంటే చూస్తూ ఉన్నాడు. ఇవాళ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"గనిలో గ్లాసు వేరే ఎట్టుకోమన్నోళ్ళు నా రోగం పేరెత్తినారు నాన్నా. రోగం పేరు కూడా ఎత్తకుండా గెంటించినోడివి నువ్వొక్కడివే."

 ముసలివాణ్ణి, ఇంకేం చేస్తాను, జల్లెడ దులుపుకోవడానికి వెళ్ళిపోయాను. అక్కడ ఈ వెంట్రుకలు!

ఈ చక్రం మీద పొట్నూరు ఇంటిపేరువాళ్ళు మేం కాక ఇంకా ఉన్నారు. ఏ ఊరివాళ్ళో, ఏ కొమ్మో మాకు తెలీదు, ఇంటిపేరు ఒకటైతే మైల ఒకటే అన్నారు. వాళ్ళలో పెద్దవాడు సింహాద్రి, సరుకుల గది మనిషి, మొలతాడు దగ్గర్నుంచి పద్ధతి ప్రకారం ఉండాలనే రకం. మా తమ్ముణ్ణి ఎన్నడూ చూడని ఆ మహానుభావుడు గుండు చేయించుకున్నాడు. ఆ జుట్టంతా గాలిలోకి పోయి జల్లెడలో పడింది. పైగా మైల అని సరుకుల గది తాళం తియ్యడం మానేశాడు. క్యాంటీనుకి కందిపప్పు లేదు, చింతపండు లేదు. ఇవాళ వంటమ్మ చారు ఎలా ఉందంటే, తవిటయ్య తాగి, "మావా, పంపులో నీళ్ళు మారినాయేటి?" అని లేచి పంపు చూడ్డానికి వెళ్ళాడు.

దాలినాయుడు రేపు పొద్దున్నే సూరీడమ్మకి మొత్తం చెప్పేస్తానన్నాడు. శనివారం సంతాపసభ ఉంది కదా, అది అయ్యాక చెప్పరా అన్నాను. అందరూ అంత ప్రేమగా ఏర్పాట్లు చేస్తుంటే ఎలా కాదంటాం?

నమోదు ఆరు, శనివారం

గాలి ఎలా ఉందో చూడలేదు. ఊపిరి ఆడుతోంది, కాబట్టి ఉంది.

- - -

ఏమని రాయను! ఓడ ఒకరోజు ముందే వచ్చేసింది. రాత్రికే భోజనాలన్నారు. అటు ఓడ చక్రం అంచుకి తగులుకుంటుంటే ఇటు క్యాంటీను హాల్లో జోగులు ఫోటో, ఫోటోకి గోడమీద పెంచిన బంతిపూల దండ. చక్రం మీద ఉన్నవాళ్ళంతా వచ్చారు. గుండుతో సింహాద్రి ముందు వరసలో. లచ్చుమమ్మ మధ్యలో కూర్చుని రాగం ఎత్తుకుంది.

"ఓ నా మరిదో... బంగారు మరిదో... మా ఇత్తడి బిందె పట్టికెళ్ళి తేనేదో... ఇంకెప్పుడు తెత్తావో ఓ నా మరిదో..."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడు హాల్లో పెద్ద తెర వెలిగింది. భూమి నుంచి మొహాలు చూసుకుని మాట్లాడే వంతు వచ్చింది. తెరనిండా మా జోగులు, చేతిలో టీ గ్లాసు, చెవిదాకా నవ్వు.

"అన్నియ్యా! దాలిగాడికి ఉజ్జోగం వొచ్చినాదంట గదా! వంటింట్లోనంట గదా! ఓలమ్మో ఓలమ్మో, నాకెంత ఆనందంగా ఉన్నాదో! ఊరంతా టీ ఇప్పించినాను!"

హాల్లో కుర్చీలు పడ్డాయి. ఎవరో దెయ్యం అని అరిచారు. జవాబు పోయి రావడానికి ఇడ్లీ తినేంత సేపు పడుతుంది కాబట్టి మా గోల వాడికి ఇంకా చేరలేదు. వాడు హాయిగా టీ చప్పరిస్తూ జీడిపప్పు ధర చెబుతున్నాడు. లచ్చుమమ్మ రాగం ఆపి, లేచి నిలబడి తెరవైపు వేలు చూపించింది. "బిందేదిరా?" అంది.

సూరీడమ్మ నావైపు తిరిగింది. "బాబాయ్. కొబ్బరికాయ పడ్డాదన్నావు."

నేను నోరు తెరిచే లోపల దాలినాయుడు లేచాడు. సూరీడమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. 

"మా నాన్న నా గురించి అబద్దం ఆడినాడప్పా. మా సిన్నాన్న సావనేదు. సోమారం నాను సూదికెల్లినాను. నాకు హెచ్.ఐ.వి. ఉన్నాది. సూది తప్పకుండా ఏయించుకుంటన్నాను, ఎవుళికీ అంటదు. ముందు పని సూపించి తరవాత సెప్దామనుకున్నాను. ఉంచుకుంటే ఉంచుకో, పంపిత్తే పంపీ. గానీ లోపలున్న ఆ చారు మాత్రం ఓడోళ్ళకెట్టకు. అది మనుషులు తాగేది కాదు."

 సింహాద్రి తన ముందున్న పళ్ళెం రెండు వేళ్ళతో అవతలికి జరిపాడు. ఆ పళ్ళెం చప్పుడు నా గుండెలో వినబడింది. గని, విత్తనాల చక్రం, అన్నీ ఆ చప్పుడులోనే ఉన్నాయి. ఇక మూట కట్టుకోవడమే అనుకున్నాను.

అప్పుడు తెరలోంచి జోగులు కేక వేశాడు. "అన్నియ్యా! ఆ దండేసిన పొటో నాదేనేటి? నాను సచ్చిపోనానా? ఎప్పుడు?"

"నువ్వుండు జోగులూ!" అని గరిటె చూపించింది సూరీడమ్మ. "సచ్చినోడివి, నీకేటి తొందర!" ఆ తరవాత మావాడి వైపు తిరిగింది. "సూదికా? సూదికైతే సూదికని సెప్పీడానికేటి? నాలుగు రోజుల్నించి వంటమ్మ వొండిన గంజి దిగమింగుతన్నాను, మీ సిన్నాన్న మీద గౌరవంతోటి!"

"మరి..." అన్నాడు సింహాద్రి పళ్ళెం వైపు చూస్తూ. "ఆ గరిటితోటే గదా మనందరం..."

"అది కూటిలో అంటదని సిన్నప్పుడు బళ్ళోనే సెప్పినారు. నువ్వు ఆరోజు బడికి ఎల్లలేదేటి?"

వెనక వరసలోంచి తవిటయ్య లేచాడు. నా చేతిగుడ్డ ఇంకా వాడి దగ్గరే ఉంది. "నాదీ అదే సూది. సింవాద్రీ, నువ్వు తాగే నీళ్ళ పంపు పదేళ్ళుగా ఈ సేతుల్తోటే బాగుసేత్తన్నాను. నీకేటైనా అయినాదా, గుండు తప్ప?" అని గొంతు సవరించుకుని, "మా మేనత్త సావనేదు. అసలు నాకు మేనత్తే నేదు" అన్నాడు.

ఇక చూడండి! గోడలమీద మొక్కలు పెంచే అమ్మాయి లేచి, నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి పోతున్నాననీ, వాళ్ళ తాత శుభ్రంగా ఉన్నాడనీ చెప్పింది. ఇంకొకడు మూలశంక కోసం బాబాయిని చంపానన్నాడు. ఇంకొకావిడ పెదనాన్నని రెండుసార్లు చంపిందట, రెండోసారి ఎవరూ గమనించలేదట. చచ్చినవాళ్ళంతా బిలబిలమని లేచి కూర్చుంటున్నారు. ఒక్క సింహాద్రి మాత్రం గుండు తడుముకుంటూ, "మరి నా జుత్తో?" అన్నాడు.

ఓడ గంట మోగింది. సూరీడమ్మ చీరకొంగు దోపింది.

"ఎవుళూ సావనేదు గనక మైల నేదు. మైల నేదు గనక సింవాద్రీ, తాళం తియ్యి. దాలిగా, వంటింట్లోకి నడు! ఓడోళ్ళు దిగుతన్నారు!"

మావాడు పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తి గడప దగ్గర ఆగాను. చింతపండు వచ్చింది, పప్పు వచ్చింది. "ఇంకొంచెం! ఆఁ! ఇంకొంచెం!" అన్న కేకలు. వంటమ్మ ఇవాళ గ్రాములు అడగలేదు, దానికీ భయమే వేసినట్టుంది. మావాడు గరిటెతో చారు అందుకున్నాడు, నాలుక మీద వేసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆ తొందరలో అదే గరిటె మళ్ళీ గిన్నెలో ముంచబోయాడు.

ఫట్! సూరీడమ్మ గరిటెతో వాడి చేతిమీద ఒక్కటి వేసింది.

"ఎంగిలి గరిటి మళ్ళీ ముంచుతావేట్రా! సిగ్గునేదూ!"

 మావాడు గరిటె కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మూట మోసుకుంటూ వచ్చిన సింహాద్రి గడప దగ్గర ఆగి, "అదిగో, నానన్నాను గదా, ఆ గరిటి..." అని మొదలుపెట్టాడు.

సూరీడమ్మ వాడికేసి చూడను కూడా చూడలేదు. "నిరుడు పాయసం రోజున ఎంగిలి గరిటి ముంచితే నిన్నూ దీంతోటే కొట్టినాను, మరిసిపోనావేటి? తవిటిగాణ్ణి కొట్టినాను, ఆ మొక్కల యమ్మినీ కొట్టినాను. నా వంటింట్లో ఎవుడి ఎంగిలైనా ఎంగిలే. దాలిగా, ఇంకో గరిటి తియ్యి. నిలబడి సూత్తావేటి, ఎర్రిమొకమా!"

ఎర్రిమొకమా! నా కొడుకుని ఎర్రిమొకమా అంది! గ్లాసు వేరే పెట్టలేదు. తియ్యగా మాట్లాడలేదు. విశ్రాంతి తీసుకోమనలేదు. అందరినీ తిట్టినట్టే, అందరినీ కొట్టినట్టే, అదే గరిటెతో! మావాడు ఇంకో గరిటె తీసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని వంగి చూశాను. నవ్వుతున్నాడు. మొన్న నాకు నచ్చని నవ్వు కాదు, చిన్నప్పటిది.

నేను ఆ గడప దగ్గరే కూలబడి ఏడ్చేశాను. దాటుకుంటూ పోయినవాళ్ళంతా నాకు తమ్ముడు పోయిన దుఃఖం అనుకుని ఓదార్చారు. వాళ్ళు ఓడవాళ్ళు, వాళ్ళకి తెలీదు పాపం.

నమోదు ఏడు, ఆదివారం

గాలి అమృతం! జల్లెడలు శుభ్రం! మా దాలినాయుడి ఉద్యోగం ఖాయం, ఖాయం, ఖాయం! ఇది గీటు పైన కావాలనే రాస్తున్నాను!

- - -

ఓడవాళ్ళు చారు మళ్ళీ మళ్ళీ అడిగారు. ఒకాయన గ్లాసులో పోయించుకుని తాగాడు. ఓడ పెద్ద దిగి వచ్చి, కుజుడు ఆగుతుందా ఏమిటి, రేపు పోదాం అన్నాడట.

పొద్దున్నే సూరీడమ్మ క్యాంటీను తలుపు మీద బొగ్గుతో రాసింది: "సెలవు కావాలంటే సెలవు కావాలని సెప్పండి. ఎందుకని నాను అడగను. ఎవుళ్నీ సంపకండి."

మావాణ్ణి పొద్దున్నుంచి రెండుసార్లు తిట్టిందట. నేను వాడి చెయ్యి పట్టుకుని, "నీకు చెప్పకుండా ఇంకెప్పుడూ నీకు సాయం చెయ్యనురా" అన్నాను. "సెప్పి కూడా సెయ్యకు నాన్నా" అని నా నెత్తిన చెయ్యి వేసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. డ్యూటీకి!

ఇక చెప్పాల్సినవాళ్ళు:

మా అప్ప గున్నమ్మ, బొబ్బిలి. మొదట ఆవిడకే చెప్పాలి, రెండోచోట చెబితే అలుగుతుంది.

జోగులు. చచ్చిపోయినట్టు ఉండమన్న సందేశం వాడికి ఇవాళే చేరుతుంది. అక్కర్లేదు, బతికినట్టే ఉండమని చెప్పాలి. బిందె సంగతి లచ్చుమమ్మ చెబుతుంది.

బామ్మర్ది గవరయ్య. గుండె జబ్బు మనిషి, మెల్లగా చెప్పాలి. ముందు కూర్చోమనాలి.

మా పెద్దమ్మాయి అత్తగారు, పాలకొండ. ఆవిడకి చెబితే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. అయినా చెప్పాలి.

కోటబొమ్మాళి పిన్ని. మావాడు తాగిన గ్లాసు పెరట్లోకి విసిరేసిన మనిషి. ఆవిడకి వంటింట్లో ఉద్యోగం అని చెప్పాలి. వినబడలేదంటే మళ్ళీ చెప్పాలి. వినబడిందన్నా మళ్ళీ చెప్పాలి.

రాళ్ళ గనిలో ఉన్న మా చిన్నబావ కొడుకు. వాడు ఎలాగూ అక్కడ అందరికీ చెబుతాడు. అందుకే చెప్పాలి.

తవిటయ్య మేనత్త. లేదనుకోండి. ఉంటే ఎంత సంతోషించేదో!

పొట్నూరు సింహాద్రి. ఇక్కడే ఉన్నాడు, తెలుసు. జుట్టు మొలిచాక చెప్పాలి.

దాలినాయుడు. వాడికి తెలుసు. అయినా సాయంత్రం డ్యూటీ దిగి రాగానే గుమ్మంలోనే ఆపి చెప్పాలి, ఒరేయ్, నీకు ఉద్యోగం ఖాయమైందిరా అని.